జొనెల్ చేపలు

కెటిల్ సరస్సును పోగొట్టుకున్న రోజు పొద్దున నేను పాన్‌కేకులు మాడ్చాను. డ్వేన్ ఆ సంగతి ప్రతి గుడారం దగ్గరికీ వెళ్ళి చెప్పాడు.

"మా మాస్టారు బళ్ళో పిల్లల్ని కూడా ఇలాగే వేయిస్తాడు. రెండు వైపులా."

అతిథులు నవ్వారు. నేనూ నవ్వాను. డ్వేన్ నా భార్య జొనెల్‌కి అన్న. వాళ్ళ కుటుంబం తాతల నాటి నుంచీ జనాన్ని గుర్రాల మీద ఎక్కించి, సామాన్లు కంచర గాడిదల మీద వేసి, మోంటానా కొండల్లోని సరస్సులకు తీసుకెళ్ళి చేపలు పట్టిస్తుంది. జొనెల్ ఉన్నప్పుడు బడి సెలవుల్లో నేను ఆ శిబిరాల్లో వంట చేసేవాణ్ణి. ఆమె పోయాక కూడా మానలేదు. మానేస్తే వేసవి అంతా ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇది ఆమె పోయాక నాలుగో వేసవి, కెటిల్ శిబిరానికి నేను మళ్ళీ రావడం మాత్రం ఇదే మొదటిసారి. జూలై మొదలైనా నీడ పడే ఒడ్డున ఇంకా మంచు పలక మిగిలి ఉంది.

గిన్నెలు కడిగేసి, జొనెల్ గాలపు కర్ర తీసుకుని, వాగు వచ్చి కలిసే వైపు నడిచాను. మూడు నాలుగు సార్లు విసిరానో లేదో చేప పడింది. కెటిల్ చేపలు ఎగరవు. గాలం తగలగానే కిందికి, రాళ్ళ మధ్యకు మొండిగా లాగుతాయి. ఇది నీళ్ళ మీదికి లేచింది. పడి, మళ్ళీ లేచింది.

నా వెనక ఎర్ర టోపీ పెట్టుకున్న అతిథి ఒకాయన చప్పట్లు కొట్టాడు.

"అదిగో, వంటాయనకి కూడా జొనెల్ పడింది!"

నేను వెనక్కి తిరిగాను. "ఏం పడింది?"

"జొనెల్ చేపండీ. ఎగిరేవన్నీ జొనెల్ చేపలేనని డ్వేన్ చెప్పాడు. నిన్న మేం రెండు పట్టాం."

చెల్లెలి పేరు చేపలకు పెట్టుకున్నాడనుకున్నాను. డ్వేన్‌లో అంత మెత్తదనం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. తీగ చుడుతుంటే కళ్ళు మసకబారాయి. చేపను ఒడ్డుకు తెచ్చి, చేతులు తడుపుకుని, ఎత్తి చూశాను.

పట్టిన ప్రతి చేపనూ చూడాలని జొనెల్ నియమం. వదిలేసేదైనా, వేయించుకునేదైనా సరే. కెటిల్‌లో ఉండే ట్రౌట్‌కు దవడల కింద రెండు ఎర్ర గీతలుంటాయి, ఎవరో గొంతు మీద కత్తి ఆనించినట్టు. అందుకే దాన్ని కట్‌త్రోట్ అంటారు. తల నున్నగా, మచ్చ లేకుండా ఉంటుంది. నల్ల మచ్చలన్నీ తోక వైపు గుమిగూడి ఉంటాయి. నా చేతిలో ఉన్నదానికి గొంతు గీతలు ఉన్నాయి, కానీ వెలిసిపోయిన నారింజ రంగులో ఉన్నాయి. తల మీద మిరియాల పొడి చల్లినట్టు చుక్కలు. పొట్ట కింది రెక్కల అంచులు సుద్దలో ముంచినట్టు తెల్లగా ఉన్నాయి. పక్కన పొడవునా గులాబీ చార.

చివరికి జొనెల్ నేర్పినట్టే చిటికెన వేలు నోట్లో పెట్టి, నాలుక మొదట్లో తడిమాను. అసలైన కట్‌త్రోట్‌కి అక్కడ సన్నటి పళ్ళు ఉప్పుకాగితంలా గరుకుగా తగులుతాయి. దీనికి తగిలీ తగలనట్టు ఉంది.

సంకరం. దీని తల్లి కట్‌త్రోట్ అయితే తండ్రి రెయిన్‌బో, గులాబీ చారతో ఎగిరిపడే ఇంకో జాతి ట్రౌట్. లేదా అటుది ఇటు. కెటిల్‌లో రెయిన్‌బో లేదు. ఎన్నడూ లేదు. చుట్టుపక్కల కొండ సరస్సులన్నిటిలోనూ చేపల్ని మనుషులు మోసుకొచ్చి వేశారు. కెటిల్ చేపల్ని ఎవరూ వెయ్యలేదు. కొండల మీద మంచుగడ్డలు కరిగి వెనక్కి తగ్గిన కాలంలో అవి తమంతట తామే వాగులెక్కి వచ్చి అక్కడ ఉండిపోయాయి. ఒక్కసారి రెయిన్‌బో కలిసిందంటే పిల్లలూ, ఆ పిల్లల పిల్లలూ అన్నీ కలిసిపోయినవే. వేరు చెయ్యడం ఎవరి వల్లా కాదు.

చేపను పట్టుకుని డ్వేన్ దగ్గరికి వెళ్ళాను. అతను గాడిదకి జీను పట్టీ బిగిస్తున్నాడు.

"ఇది చూడు."

"బాగుందే. రెండు పౌండ్లుంటుందా?"

"తల చూడు."

చూశాడు. మళ్ళీ పట్టీ మీదికి వంగాడు. "ఎండకి మచ్చలొచ్చుంటాయి."

"చేపకి ఎండ మచ్చలా?"

"ఏమో మాస్టారూ. నేను నీలా చదువుకోలేదుగా."

"ఎవడో రెయిన్‌బోలు తెచ్చి పోశాడు డ్వేన్."

"ఎవడో టూరిస్టు వెధవ అయ్యుంటాడు," అన్నాడు. బిగించిన పట్టీనే విప్పి మళ్ళీ బిగించాడు.

ఆ రోజంతా ఒడ్డు చుట్టూ తిరుగుతూ పట్టాను. సగానికి పైగా తలల మీద చుక్కలే. సాయంత్రానికి నా చిటికెన వేలి చర్మం లేచిపోయింది. గుడారాల దగ్గర అతిథులు చేపలు వేయించుకుని, చాలా బాగున్నాయని నాకు కూడా పెట్టబోయారు. ఆకలి లేదన్నాను.

కిందికి దిగే దారిలో డ్వేన్ తన గుర్రాన్ని నా పక్కకు తెచ్చాడు.

"మత్స్యశాఖ వాళ్ళకి చెప్తావా?"

"చెప్తాను."

"చెప్తే ఏం చేస్తారో తెలుసుగా. మందు పోసి చెరువంతా చంపేస్తారు. చెల్లి అక్కడుంది."

జొనెల్ బూడిదను ఆ నీళ్ళలోనే కలిపాం. అతను అంత బాధగా ఆ మాట అంటుంటే, ఆ 'ఎవడో' మీద నా కోపం ఇంకా పెరిగింది. ముఖం తెలియని మనిషి మీద కోపం చాలా తేలిక. ఆ నెలంతా దాన్ని హాయిగా మోశాను. వాణ్ణి రకరకాలుగా ఊహించుకున్నాను. కొత్త బూట్లు, ఖరీదైన కర్ర, ప్లాస్టిక్ సంచిలో చేపలు. బట్టలు ఉతుక్కుంటూ వాడితో పోట్లాడాను. ప్రతిసారీ నేనే గెలిచాను.

*

మత్స్యశాఖ నుంచి కొరీన్ వచ్చింది. నా వయసుదే. ఏ మాటైనా సూటిగా అంటుంది. ఒక వారం ఇద్దరం సరస్సు చుట్టూ తిరిగి చేపలు పట్టాం. ఆమె ప్రతి చేపకీ రెక్క కొస చిన్న ముక్క కత్తిరించి, స్పిరిట్ సీసాలో వేసుకుని, చేపను వదిలేసేది.

"ఇది?" అని నా ముఖం ముందు పెట్టేది.

"సంకరం."

"ఇది?"

"అసలుది."

"ఎందుకని?"

"తల శుభ్రంగా ఉంది. గీత ఎర్రగా ఉంది. మచ్చలు తోక వైపున్నాయి."

"నా కంటికీ అంతే. కానీ రెండు తరాలు గడిచాయంటే మన కళ్ళు మనల్నే మోసం చేస్తాయండీ. చూడ్డానికి దేవతలా ఉంటుంది, ల్యాబుకి పంపితే సగం రెయిన్‌బో అని వస్తుంది. మా ఆయనలాగే. పెళ్ళిరోజు ఎంత శుభ్రంగా ఉన్నాడో." కత్తెర నోటి దగ్గర అడ్డం పెట్టుకుని నవ్వింది. "మీకిదంతా ఎవరు నేర్పారు?"

"నా భార్య."

ఆమె నవ్వు ఆపేసింది. జొనెల్ ఎక్కడుందో చెప్పాను. ఆ రోజు ఊళ్ళో వాళ్ళంతా గుర్రాల మీద పైకి వచ్చారని, డ్వేన్ గాడిదలకి రెండు పాత పాల క్యాన్లు కట్టి అంతమందికీ నిమ్మరసం కూడా తెచ్చాడని చెప్పాను.

"బాగుందా?"

"నేను తాగలేదు. బూడిద కలపగానే దిగిపోయాను. అక్కడ నిలబడలేకపోయాను."

కొరీన్ కత్తెర తుడిచి జేబులో పెట్టుకుంది. "మందు పొయ్యాల్సి వస్తే, ఆ రోజు మీరు రాకపోయినా ఫరవాలేదు."

"వస్తాను," అన్నాను.

సరస్సుకి పైన, నిటారుగా ఉన్న బండ దాటాక, చిన్న మడుగు ఒకటుంది. దాన్ని చిన్న కెటిల్ అంటారు. దాని నీళ్ళు బండ మీద నుంచి కిందికి జారుతాయి. ఇప్పుడా బండను ఏ చేపా ఎక్కలేదు. చేతులూ కాళ్ళూ ఉపయోగించి మేం ఎక్కాం. అక్కడి చేపలు జానెడు కూడా లేవు. మొదటిది పట్టగానే కొరీన్ దాన్ని నాకిచ్చింది. తల నున్నగా ఉంది. గొంతు కింద గీతలు అప్పుడే కోసినట్టు ఎర్రగా ఉన్నాయి. నాలుక మొదట్లో గరుకు తగిలింది. రెండోదీ అంతే. ఆ తర్వాతవీ అంతే.

"ఇప్పుడే సంతోషపడకండి," అంది కొరీన్. "ల్యాబు చెప్పనివ్వండి."

నేను సంతోషపడలేదు. చాలా రోజుల తర్వాత నాకు ఆకలి వేసింది. ఆమె రొట్టెలో సగం తిన్నాను.

*

ఆగస్టులో ల్యాబు చెప్పింది. పైన చిన్న కెటిల్‌లోవి అసలువి. కింద కెటిల్‌లో కలవకుండా మిగిలినవి కొన్నే. వాటిని ఒక్కొక్కటిగా ఏరడం కుదరదు. సెప్టెంబరులో కింద సరస్సుకి మందు పోస్తారు. నీళ్ళు మళ్ళీ మంచివయ్యాక, పైనున్న చేపల్ని కిందికి దించితే సరస్సు మళ్ళీ మొదలవుతుంది.

ఈ సంగతి జొనెల్ తల్లి ఫెర్న్‌కి నేనే చెప్పాలనుకుని వెళ్ళాను. ఆమె వంటింట్లో శిబిరానికి బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నాకూ ఒక కత్తి ఇచ్చింది. ఆ వంటింట్లో ఖాళీ చేతులతో ఎవరూ కూర్చోరు.

అంతా చెప్పాను. ఆమె తల ఊపుతూ విన్నది.

"అయితే జొనెల్ చేపలన్నీ చచ్చిపోతాయన్నమాట."

"అవి జొనెల్ చేపలు కావు ఫెర్న్. ఎవడో దొంగచాటుగా తెచ్చి పోసినవి."

ఆమె కత్తి ఆగింది. "దొంగచాటేంటి? పట్టపగలు, ఊరంతా చూస్తుండగా పోశాం కదా."

నాకు అర్థం కాలేదు.

"నీ ఎదురుగానే క్యాన్లు గాడిదలకెత్తారు. డ్వేన్ దారి పొడుగునా ఆగి ఆగి వాటికి చల్లనీళ్ళు మార్చాడు. నువ్వు చూడలేదా?" అని నా ముఖంలోకి చూసింది. "అయ్యో. నువ్వు ముందే దిగిపోయావు కదూ."

"అవి నిమ్మరసం క్యాన్లు."

"నిమ్మరసం ఎవరు మోస్తారయ్యా అంత ఎత్తుకి?"

ఆమె గొంతులో దాపరికమేమీ లేదు. చిన్నపిల్లాడికి ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పింది. మా మామగారి తండ్రి, యుద్ధంలో పోయిన తన తమ్ముడు ఆర్విల్ కోసం ఒక ఒట్టి సరస్సులో చేపలు వేశాడు. అది ఆర్విల్ సరస్సయింది. మా మామగారు క్లేటన్ పోయినప్పుడు ఇంకొక దానిలో వేశారు. అది క్లేటన్ సరస్సయింది. నేను ఈ కొండల్లో పుట్టినవాణ్ణి కాను. నా పెళ్ళినాటికే ఆ పేర్లున్నాయి. పోయినవాళ్ళ పేర్లు ఊరికే పెట్టుకున్నారనుకున్నాను. ముందు చేపలు వేసి, తర్వాత పేరు పెడతారని నాకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ చెప్పరు.

"జొనెల్‌కి ఇంకెక్కడ వేస్తాం? దానికి ఇష్టమైన చెరువదే కదా."

"ఆమె వద్దంది," అన్నాను. "ఆసుపత్రిలో. కెటిల్‌ని అలాగే వదిలెయ్యమంది. మీరు అక్కడే ఉన్నారు. డ్వేన్ ఉన్నాడు."

"అందరూ వద్దనే అంటారు. క్లేటన్ కూడా అన్నాడు, నా కోసం మీరేమీ కష్టపడకండని. మా అత్తగారూ అంది. పోయేవాళ్ళు ఆ మాట అనాలి, ఉండేవాళ్ళు అయినా సరే చెయ్యాలి. వద్దంది కదా అని ఊరుకుంటే ఇక మనమెందుకు?"

జొనెల్ ఆ ఇంట్లో పుట్టి పెరిగింది. ఆ మాటను వాళ్ళు ఎలా వింటారో ఆమెకు తెలిసే ఉండాలి. గొంతు పెగలని స్థితిలో రెండుసార్లు చెప్పింది. రెండోసారి నా మణికట్టు పట్టుకుని, నా వైపు చూసి చెప్పింది.

ఫెర్న్ నా చేతిలోని దుంప తీసుకుని తిప్పి చూసింది. "దీని మొలక కళ్ళు తియ్యలేదు," అని నాకు తిరిగి ఇచ్చింది.

కత్తి మొనతో కళ్ళు తీశాను. గిన్నెలో వేశాను. ఇంకొకటి తీసుకున్నాను. గిన్నె నిండేదాకా కూర్చున్నాను. తర్వాత చేతులు కడుక్కుని పెరట్లోకి వెళ్ళాను.

*

డ్వేన్ గాడిద కాలిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని నాడా కొడుతున్నాడు.

"నిమ్మరసమన్నావు," అన్నాను.

తల ఎత్తలేదు. "నేనన్లేదు. నువ్వనుకున్నావు."

"నాలుగేళ్ళు."

"చెప్దామనే ఉన్నా. అప్పుడు నువ్వు మనిషిలా లేవు. తర్వాతేమో చేపలు బాగా ఎదిగాయి. ఎప్పుడో నీకే ఒకటి పడుతుంది, చూసి సంతోషిస్తావులే అనుకున్నా."

"పట్టి నీ దగ్గరికే తెచ్చాను. ఎండ మచ్చలన్నావు. టూరిస్టు వెధవ అన్నావు."

అతను మేకు తీసి, నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీశాడు. "నీ మొహం చూసి భయమేసింది."

"నీ అతిథులకి ఎగిరే చేపలు కావాలి. అది కూడా ఉందిగా?"

"ఆఁ, ఉంది. అదీ ఉంది. లేదంటే నమ్ముతావా? అయినా అదే తప్పయితే, అసలు సంగతి విను." గాడిద కాలు వదిలి నిటారుగా నిలబడ్డాడు. "పొద్దున లేస్తే ఎవడో ఒకడు చేప పట్టి 'జొనెల్' అని అరుస్తాడు. చెరువంతా వినిపిస్తుంది. మా చెల్లి ఎవరో తెలియనివాళ్ళు కూడా దాని పేరు చెప్పుకుని నవ్వుతున్నారు. నువ్వేం చేశావు మాస్టారూ దానికి? బూడిద కలిపి, టోపీ పెట్టుకుని, కొండ దిగిపోయావు. ఇంట్లో దాని పేరైనా ఎత్తుతావా నువ్వు?"

ఎత్తను. అది నిజం. దానికి జవాబు చెప్పడానికి నేను రాలేదు.

"చిన్నప్పటి నుంచి ఆ చెరువుకి కాపలా కాసింది ఆమె," అన్నాను. "నీ గుడారాల్లో పడుకున్న ప్రతివాడి బకెట్టూ వెతికేది, ఎర చేపలు తెచ్చాడేమోనని. నువ్వే వెక్కిరించేవాడివి. ఆమె ఒక్కటే అడిగింది మనల్ని. ఒక్కటి. దాన్ని ఆమె పేరు పెట్టి చంపావు."

"చేపలే కదయ్యా!"

"ఆ మాట ఆమె ముందు అను. అనేవాడివా?"

అతని ముఖం ఎర్రబడింది. గాడిద మా ఇద్దరినీ చూసి పక్కకు జరిగింది.

"కొరీన్‌కి నువ్వే చెప్పు," అన్నాను. "మందు పోసే రోజు లోపల. లేకపోతే నేను చెప్తాను."

"లైసెన్సు పీకేస్తారు."

"తెలుసు."

"అమ్మ తినేది దాని మీదే."

"తెలుసు."

"నువ్వు రాయివి మాస్టారూ. అది నీతో ఎలా బతికిందో."

నేను గొంతు పెంచలేదు. బడిలో కూడా పెంచను. నా చేతిలో మేకుల డబ్బా ఉంది, ఎప్పుడు అందుకున్నానో గుర్తు లేదు. డబ్బా అంచు అరచేతిలో దిగింది. దాన్ని కంచె స్తంభం మీద పెట్టి, కారెక్కి, ఇంటికి వచ్చాను.

*

బడి తెరిచారు. పాఠాలు చెప్పాను. ఆ ఏడాది పిల్లలు నన్ను నెమ్మదైన మాస్టారనే అనుకున్నారని నమ్ముతున్నాను. ఊళ్ళో సంగతి తెలిసిపోయింది. ఎవరు పోశారన్నది కాదు, అది అందరికీ ముందే తెలుసు. మందు పోస్తారన్నది. కిరాణా దుకాణంలో నా సామాను సంచిలో వేస్తూ దుకాణదారు, "నాలుగు మచ్చలెక్కువున్నాయని చెరువంతా చంపేస్తారా మాస్టారూ?" అని అడిగాడు. వెనక నిలబడ్డావిడ, "జొనెల్ బతికుంటే కుమిలిపోయేది పాపం," అంది.

ఆ రోజు ఆ దుకాణంలో వరసగా పేర్చిన సీసాలన్నీ ఒక్క తోపుతో కింద పడేయాలనిపించింది. సంచి తీసుకుని, ధన్యవాదాలు చెప్పి, బయటికి వచ్చాను.

*

కొండకి ఆ వైపు గాడిదలున్నది డ్వేన్‌కి ఒక్కడికే. మందు డబ్బాలు పైకి మొయ్యడానికి కొరీన్ అతన్నే పిలవాల్సి వచ్చింది. అతను వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. నేను సెలవు పెట్టి ముందు రోజే పైకి వెళ్ళి, కొరీన్ మనుషులతో ఉన్నాను. పొద్దున మంచు కరగకముందే గాడిదల గంటలు వినిపించాయి. ముందు గాడిదకి కట్టిన డబ్బాలు రెండూ ఒకప్పుడు పాల క్యాన్లు వేలాడిన చోటే వేలాడుతున్నాయి.

అతను నా వైపు చూడలేదు. తాళ్ళు విప్పి, మొదటి డబ్బా దించాడు.

"ఇది ఎక్కడ పెట్టమంటారు?"

"ఆ బండ పక్కన," అంది కొరీన్, చేతి తొడుగులు వేసుకుంటూ.

పెట్టి వచ్చాడు. రెండోది దించాడు.

"ఆ రెయిన్‌బోలు నేనే పోశాను," అన్నాడు. డబ్బా ఎక్కడ పెట్టాలని అడిగిన గొంతుతోనే. "మా చెల్లి కోసం."

కొరీన్ రెండో తొడుగు వేసుకోవడం పూర్తి చేసింది. "ఎక్కడివి?"

"కింద పొలంలో చెరువొకటుంది. అక్కడివి."

"ఈ మాట నేను పైవాళ్ళకి చెప్పాల్సి ఉంటుంది."

"చెప్పండి. ఇది కూడా అక్కడేనా?"

"అక్కడే."

అతను డబ్బా భుజానికెత్తుకుని వెళ్ళాడు. నేను పడవలోకి గాలి కొడుతున్నాను. కొడుతూనే ఉన్నాను.

ఆ మందు ఒక చెట్టు వేరు నుంచి వస్తుంది. నీళ్ళు పాలలా తెల్లబడి, కాసేపటికి మామూలవుతాయి. మొదట పిల్ల చేపలు పైకి వచ్చాయి, ఒడ్డు వెంట, గాలి కోసం నోళ్ళు తెరుచుకుని. తర్వాత పెద్దవి. కొన్ని ఎగిరాయి. ఎవరూ ఏ పేరూ పెట్టి అరవలేదు. నీళ్ళు బయటికి పోయే చోట కొరీన్ మనుషులు పర్మాంగనేటు కలుపుతున్నారు, మందు కిందికి పోకుండా విరిగిపోవడానికి. అక్కడి నుంచి వాగు ఊదా రంగులో దిగిపోతోంది.

వలలతో చచ్చిన చేపల్ని ఎత్తుతూ సరస్సు చుట్టూ నడిచాం. ఎత్తిన ప్రతిదాన్నీ చూశాను. చూడాల్సిన పని లేదు, అన్నీ ఒకే గోతిలోకి పోతాయి. అయినా చూశాను. వాగు కలిసే చోట ఒకటి దొరికింది. పెద్దది, ముసలిది, కింది దవడ వంకర తిరిగింది. తల నున్నగా ఉంది. రెయిన్‌బోలు రాకముందు పుట్టిందే అయ్యుండాలి. జొనెల్ ఎప్పుడో దీన్ని పట్టి, చూసి, వదిలే ఉంటుంది. దాన్ని పట్టుకుని కాసేపు నీళ్ళలోనే నిలబడ్డాను. కాళ్ళు మొద్దుబారాక బయటికి వచ్చాను.

డ్వేన్ అవతలి ఒడ్డు నుంచి చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చాడు. అతని చేతిలో ఒక చేప ఉంది.

"ఇది ఏది?" అని అడిగాడు. "నాకు తెలీట్లేదు."

పుట్టినప్పటి నుంచి ఆ కొండల్లో ఉన్నవాడు. చెల్లెలు ప్రతి చేప నోట్లోనూ వేలు పెట్టి చూస్తుంటే పక్కన కూర్చుని, దంతవైద్యురాలని వెక్కిరించినవాడు. చేప తీసుకుని, తల చూసి, గొంతు చూసి, చిటికెన వేలితో తడిమాను.

"అసలుది."

అతను దాన్ని వెనక్కి తీసుకున్నాడు. గోతి వైపు వెళ్ళలేదు. ఒడ్డున ఒక చదును రాయి మీద విడిగా పెట్టాడు. ఇంకొకటి తెచ్చాడు.

"ఇది?"

"కాదు."

"ఇది?"

"కాదు."

"ఇదో?"

"అసలుది."

సాయంత్రందాకా అలాగే తెచ్చాడు. రాయి మీద పెట్టినవాటిని చివరికి ఏం చేశాడో నేను అడగలేదు. అతను ఒప్పుకుంటే నా కోపం కొంత తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆ రాయి మీద చేపలు పెరుగుతున్న కొద్దీ ఎక్కువైంది. ఆమె ఉండగా ఒక్కసారి ఇలా అడిగి ఉంటే, ఇది ఏది అని.

*

డ్వేన్ లైసెన్సు రెండు వేసవులు ఆపేశారు. రెండు గాడిదల్ని అమ్ముకున్నాడు. చలికాలం కలప మిల్లులో పనికి వెళ్ళాడు. థాంక్స్‌గివింగ్ పండక్కి ఫెర్న్ నన్ను భోజనానికి పిలిచింది. ఒంట్లో బాగాలేదన్నాను. మర్నాడు ఆమె నా వరండాలో మూతపెట్టిన గిన్నె ఒకటి పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోయింది. బంగాళాదుంపలు. గిన్నె కడిగి ఆమె మెట్ల మీద పెట్టి, నేనూ తట్టకుండా వచ్చేశాను.

నిన్న కొరీన్ ఫోన్ చేసింది. కెటిల్ నీళ్ళు మంచివయ్యాయట. మంచు కరిగాక, జూలైలో, చిన్న కెటిల్ చేపల్ని కిందికి దించుదామంది. హెలికాప్టర్లేమీ అక్కర్లేదు, దూరం కొంచెమే, పాల క్యాన్లు చాలు అంది.

బండ నిటారుగా ఉంటుంది. నీళ్ళు నిండిన క్యాన్‌ను అటొకరు ఇటొకరు పట్టుకోవాలి. బతికున్న చేపల్ని చావకుండా కొండల్లో మోయడం ఈ ఊళ్ళో తెలిసినవాడు ఒక్కడే.

అతన్ని నేనింకా అడగలేదు.